కెగరేటర్‌కి గ్లాస్ రిన్సర్: నీళ్ళు తేవడం తేలిక, పంపించడమే పని

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. గరాజ్‌లో రెండు ట్యాపుల కెగరేటర్ (బీరు పీపాని, అంటే కెగ్‌ని, చల్లగా ఉంచి ట్యాపుతో పట్టుకునే ఫ్రిజ్) ఉంది, గోడకి అటువైపు లాండ్రీ రూమ్. ట్యాపుల దగ్గర గ్లాస్ రిన్సర్ (గ్లాసు బోర్లించి నొక్కితే లోపలికి నీళ్ళు జల్లేది) ఉన్న డ్రిప్ ట్రే, అంటే ఒలికింది పట్టే పళ్ళెం, పెట్టాలని ఉంది. నీళ్ళు ఎక్కణ్ణించి లాగాలి, కెగరేటర్ పైభాగానికి రంధ్రం పెట్టొచ్చా, ఇది పెడితే బీరులో నురగ తగ్గుతుందా అని అడిగారు. వాడిన నీళ్ళు ఎటు పోవాలో మాత్రం అడగలేదు. నేను మొదటిది పెట్టినప్పుడు కూడా ఎవర్నీ అడగలేదు లెండి. ఇప్పటికి మూడు పెట్టాను, రెండు మా ఇంట్లో, ఒకటి మిత్రుడి ఇంట్లో. అన్నా అని పిలిచారు కాబట్టి నేను పడ్డ పాట్లతో సహా చనువుగా చెబుతున్నా.

ముందు నురగ సంగతి తేల్చేద్దాం. నురగ పోవాలని రిన్సర్ కొంటుంటే ఒక్క నిమిషం ఆగండి. సాయంత్రం పట్టిన మొదటి గ్లాసే నురగై, రెండోది బాగా వస్తుంటే మీ టవర్ (ట్యాపులుండే స్తంభం) వేడెక్కుతోందని అర్థం. ఫ్రిజ్ లోపలి చల్లగాలిని చిన్న ఫ్యాన్‌తో టవర్‌లోకి తోలితే సరిపోతుంది. ప్రతి గ్లాసూ అలాగే వస్తుంటే ప్రెషర్‌కీ గొట్టం పొడవుకీ పొత్తు కుదరలేదన్నమాట. 38 డిగ్రీల ఫారన్‌హీట్, 12 పిఎస్ఐ (ప్రెషర్ కొలత) దగ్గర నడిపేవాళ్ళు లోపలి వ్యాసం 3/16 అంగుళం ఉన్న బీర్ లైన్ 10 అడుగులు వేస్తే చాలావరకు సర్దుకుంటుంది. కెగరేటర్‌తోపాటు పెట్టెలో వచ్చే అయిదడుగుల గొట్టంతో కుస్తీ పట్టొద్దు. ఈ జబ్బులకి రిన్సర్ మందు కాదు.

మరి రిన్సర్ చేసేదేంటి? పొడి గ్లాసు లోపల దుమ్ము కణాలు, తుడిచిన గుడ్డ నూగు, ఆరిన సబ్బు మరక ఏదో ఒకటి ఉంటుంది. బీరులో కరిగిన కార్బన్ డయాక్సైడ్ వాటి దగ్గరే బుడగలు కడుతుంది. గ్లాసు గోడ తడిగా ఉంటే బీరు దాని మీద జారుతూ దిగుతుంది, అనవసరంగా పొంగదు. మన భోజనాల్లో అరిటాకు ఎంత శుభ్రంగా కనిపించినా కూర్చోగానే కాసిని నీళ్ళు చల్లి తుడుస్తామే, అదే పని. ఆకు మీద జిడ్డుంటే నీళ్ళు చల్లినంతమాత్రాన పోనట్టే, మిర్చి బజ్జీ తిన్న చేతి నూనె, లిప్‌స్టిక్ మరక రిన్సర్‌కి లొంగవు. గ్లాసుని సింకులో కడిగే పని అలాగే ఉంటుంది. అనుమానంగా ఉంటే గ్లాసు తడిపి లోపల ఉప్పు చల్లండి. ఉప్పు అంటుకోని చోట జిడ్డున్నట్టు. ఇంకో మాట, డిష్‌వాషర్‌లోంచి అప్పుడే తీసిన వేడి గ్లాసుని చల్లటి ధార మీద పెట్టకండి, చిట్లుతుంది.

ఇంత విన్నాక కూడా కావాలనిపిస్తే పెట్టుకోండి. గ్లాసు బోర్లించి రిన్సర్ మధ్యలో ఉండే నక్షత్రం ఆకారపు మీట మీద నొక్కగానే లోపల జల్లు కొట్టే చప్పుడులో ఓ సరదా ఉంది. మా ఇంటికొచ్చిన చుట్టాలు బీరు తాగకపోయినా అది మాత్రం నొక్కి చూస్తారు.

ఇక డ్రైన్. నా మొదటి రిన్సర్‌కి లాండ్రీలో ఉన్న పాత సింకు దాకా పద్నాలుగు అడుగుల మెత్తటి వినైల్ గొట్టం వేశాను. గోడ వెంబడి రెండడుగులకో క్లిప్పు. ఆ పూట చక్కగా నడిచింది. నాలుగు రోజులకి క్లిప్పుకీ క్లిప్పుకీ మధ్య గొట్టం జోలెలా వేలాడింది. వేలాడిన ప్రతిచోటా నీళ్ళూ, ట్రేలో ఒలికిన బీరూ కలిసి నిలిచిపోయాయి. పదిరోజులు తిరిగేసరికి గరాజ్ తలుపు తీస్తే పులిసిన దోసెల పిండి వాసన, అరటిపండ్ల మీద వాలే చిన్న ఈగల గుంపు. ఓ శనివారం నలుగురు మిత్రులు వరసగా గ్లాసులు నొక్కారు. నాలుగో గ్లాసుకి ట్రే నిండి నీళ్ళు కెగరేటర్ ముందునుంచి కారి నా చెప్పుల్లోకొచ్చాయి. గొట్టం కోసి చూస్తే లోపల చిటికెన వేలు మందాన జిగురు పట్టి ఉంది. ట్రేలోకి వచ్చేది ఉత్త నీళ్ళనుకోవడమే నేను చేసిన పొరపాటు. అందులో చక్కెర ఉంటుంది, ఈస్ట్ ఉంటుంది, అవి ఆగినచోట కాపురం పెడతాయి.

కాబట్టి డ్రైన్ దూరం పోవాలంటే మెత్తటి గొట్టం వద్దు. వంగని పీవీసీ పైపు వేసి, అడుగుకి పావు అంగుళం చొప్పున వాలు ఇవ్వండి. పన్నెండు అడుగులకి మూడు అంగుళాల దిగుడు. లెవెల్ పెట్టి చూసుకోండి, కంటి కొలత నమ్మొద్దు. పైపు చివరని మురుగు పైపుకి నేరుగా బిగించకండి. సింకు అంచుకి పైన గాలి ఖాళీ వదిలి, నీళ్ళు అందులోకి పడేలా పెట్టాలి. ఎప్పుడైనా మురుగు వెనక్కి తన్నితే అది మీ ట్రేలోకి ఎక్కకూడదు కదా.

మీ లాండ్రీలో సింకు లేదు, వాషింగ్ మెషీన్ నీళ్ళు పోయే గోడ పెట్టె ఉందన్నారు. అక్కడొక చిక్కుంది. ఆ పెట్టెలు సాధారణంగా నేల నుంచి 42 అంగుళాల ఎత్తులో ఉంటాయి. కెగరేటర్ పైభాగం 36 అంగుళాలు దాటదు. నీళ్ళు తమంతట తాము ఆరంగుళాలు పైకి ఎక్కవు. అక్కడికే పంపాలంటే ఏసీ నీళ్ళు తోడే కండెన్సేట్ పంపు కింద పెట్టి, అది పైకి నెట్టేలా చేయాలి. మిత్రుడి ఇంట్లో అదే పెట్టాం, బాగానే పనిచేస్తోంది. కానీ ఆ పంపుని తయారుచేసింది మంచినీటిలాంటి ఏసీ నీళ్ళకోసం. బీరు జిగురు పట్టి దాని ఫ్లోట్ నెలకోసారి ఇరుక్కుంటుంది. విప్పి కడిగే ఓపిక ఉంటేనే దాని జోలికెళ్ళండి. గరాజ్ బయట గడ్డిలోకి వదిలేద్దామని మాత్రం అనుకోకండి. చక్కెర నీళ్ళకి టెక్సస్ ఎర్ర చీమలు కట్టే పుట్ట నేను చూశాను.

మీలా గరాజ్‌లో పెట్టుకునేవాళ్ళకి నేను చెప్పేది ఇంకా సులువు: బకెట్. నవ్వకండి. గోడకి రంధ్రం అక్కర్లేని పద్ధతి ఉంది, ఇప్పుడు మా ఇంట్లో నడుస్తున్నదీ అదే. నీళ్ళు ఇంటి లైన్ నుంచి కాకుండా అయిదు గ్యాలన్ల కార్నీ కెగ్ (మూత తీసి నింపుకునే స్టీలు పీపా) నుంచి వస్తాయి. డ్రైన్ గొట్టం రెండడుగులే, నిలువుగా కిందికి, ఇంట్లో బీరు పులియబెట్టడానికి వాడిన ఆరున్నర గ్యాలన్ల పాత ఫర్మెంటర్ బకెట్‌లోకి. గీతలు పడి బీరుకి పనికిరాని బకెట్ మనలాంటివాళ్ళ ఇంట్లో ఒకటైనా ఉంటుంది. కెగ్ నింపిన ప్రతిసారీ బకెట్ పారబోస్తే చాలు, రిన్సర్ వాల్వ్ రాత్రంతా తెరుచుకుపోయినా కెగ్‌లో ఉన్న నీళ్ళకి మించి కారవు, అవి బకెట్‌లో పడతాయి. ఇంటి లైన్‌కి తగిలించిన రిన్సర్ ఇరుక్కుంటే తెల్లారేదాకా కారుతూనే ఉంటుంది. నా ట్రేలో ఒక నొక్కుకి వంద మిల్లీలీటర్ల దాకా పడుతున్నాయి, అంటే ఓ కెగ్గుతో వందకి పైగా గ్లాసులు. ఇద్దరు ముగ్గురు వాడే ఇంట్లో అది చాలారోజులు వస్తుంది.

కెగ్‌లో నీళ్ళని నెట్టడానికి బీరుకి వాడే 12 పిఎస్ఐ చాలదు. మా ట్రే దగ్గర ధార పైంట్ గ్లాసు అడుగుదాకా ఎక్కలేదు, ముప్ఫై చేస్తే చక్కగా కొట్టింది. కార్బన్ డయాక్సైడ్‌తో నెట్టొచ్చు, కాకపోతే కొన్నాళ్ళకి అవి సోడా అయిపోయి జల్లు చిటపటలాడుతూ వస్తుంది. గ్యాస్ ఖర్చు కూడా. నేను కెగ్ మూతకి టైరు వాల్వ్ పెట్టించి మామూలు గాలి కొడుతున్నా. దీనికో కిటుకుంది. కెగ్ నిండా నీళ్ళు పోస్తే పైన గాలికి చోటుండదు, రెండు గ్లాసులకే ప్రెషర్ పడిపోతుంది. మూడింట రెండొంతులు నింపి 40 పిఎస్ఐ కొట్టండి. అందులో సగం నీళ్ళు వాడేసరికి ప్రెషర్ 13 దగ్గరకి దిగుతుంది, అప్పుడు మళ్ళీ పంపు. సైకిల్ పంపు చాలు. ఈ కెగ్‌ల మీద సాధారణంగా 130 పిఎస్ఐ వరకు అని ముద్ర ఉంటుంది, అంత అవసరం మనకి రాదు. మీ కెగ్ మీద ఏముందో ఓసారి చూసుకోండి.

ఈ నీళ్ళ కెగ్‌ని ఫ్రిజ్ లోపలే పెట్టగలిగితే ఇంకో లాభం. మన గరాజ్‌లు జూలైలో వంద డిగ్రీల ఫారన్‌హీట్ దాటుతాయి. ఇంటి లైన్ నుంచి తెచ్చిన సన్న గొట్టంలో నిలిచిన నీళ్ళు కూడా అంత వేడే. ఆ నీళ్ళతో గ్లాసు కడిగితే చల్లబడాల్సిన గ్లాసు వెచ్చబడి, ఏ నురగ తగ్గాలని ఇదంతా చేశామో ఆ నురగే పెరుగుతుంది. రిన్సర్ పెట్టాక బీరు ఇంకా పాడైందని వాపోయేవాళ్ళలో సగంమంది కథ ఇదే అయ్యుంటుందని నా అనుమానం. కెగ్ పెట్టే చోటు లేకపోతే నీళ్ళ గొట్టాన్నే ఫ్రిజ్‌లో చుట్ట చుట్టి పెట్టండి. బయటి వ్యాసం పావు అంగుళం ఉన్న ట్యూబ్ 25 అడుగులు వేస్తే అందులో పట్టేవి 110 మిల్లీలీటర్లే, ఒక గ్లాసుకి సరి. 3/8 ట్యూబ్ అయితే 240 వరకు పడతాయి. చుట్టని వెనక పలకకి ఆనించకండి, గడ్డకడుతుంది.

ఇదంతా కాదు, ఇంటి లైనే కావాలంటారా, అదీ చెబుతా. వాషింగ్ మెషీన్ చల్లనీళ్ళ వాల్వ్‌కి, ఒక్కో కాలిని విడిగా మూసుకోగల వై ఆకారపు ముక్క దొరుకుతుంది. ఒక కాలు మెషీన్‌కి, రెండోదానికి పావు అంగుళం పుష్ ఫిట్ (ట్యూబ్‌ని తోస్తే పట్టేసే) అడాప్టర్. పైపుని సూదితో పొడిచి బిగించే సాడిల్ వాల్వ్ చవకగా వస్తుంది, దాన్ని మాత్రం ముట్టుకోకండి. అది లీక్ అవుతుందా లేదా అన్నది కాదు, ఎప్పుడన్నదే ప్రశ్న. లైన్‌లో నీళ్ళు వెనక్కి రాకుండా ఆపే చెక్ వాల్వ్ ఒకటి, ఒక కార్బన్ ఫిల్టర్ వరసలో పెట్టండి. ప్రెషర్ తగ్గించే రెగ్యులేటర్ కూడా మంచిది. ఇంటి ప్రెషర్ కోడ్ ప్రకారం 80 దాకా ఉండొచ్చు, ఆ లెక్కన నొక్కితే జల్లు గ్లాసు దాటి మొహానికి కొడుతుంది. మేముండే ఫ్రిస్కో వైపు, ప్లేనో, మెకిన్నీలకి నీళ్ళిచ్చేది నార్త్ టెక్సస్ మునిసిపల్ వాటర్ డిస్ట్రిక్ట్. క్రిములు చావడానికి ఏడాదిలో చాలాభాగం క్లోరమీన్ (క్లోరిన్‌తో అమ్మోనియా కలిపింది) వాడి, వసంతం మొదట్లో ఓ నెలపాటు ఉత్త క్లోరిన్‌కి మారుస్తారు. ఆ నెల కుళాయి తిప్పితే ఈతకొలను వాసన. గ్లాసులో మిగిలేవి నాలుగు చుక్కలే అయినా లేత లాగర్ బీరులో నా ముక్కుకి తెలిసింది. ఫిల్టర్ అందుకే.

గరాజ్‌కీ ఇంటికీ మధ్య గోడ మంటని ఆపడానికి కట్టింది. ట్యూబ్ దూర్చాక చుట్టూ ఖాళీని ఫైర్ కాక్ అనే మంటని ఆపే పేస్టుతో పూడ్చండి. అలాగే కార్బన్ డయాక్సైడ్‌తో నెట్టే నీళ్ళ కెగ్‌నీ ఇంటి లైన్‌నీ ఒకే టీ ముక్కకి కలపాలన్న ఆలోచన వస్తే వెంటనే మానుకోండి. గ్యాస్ కలిసిన నీళ్ళు వెనక్కి నడిచి రాగి పైపుల్లోకి చేరితే ఆ ఆమ్లం రాగిని కరిగిస్తుంది. ఆ నీళ్ళు తాగితే వాంతులే. హోటళ్ళలో సోడా మెషీన్లకి ప్రత్యేకంగా బ్యాక్‌ఫ్లో ప్రివెంటర్ పెట్టమనేది ఇందుకే.

ఇక అందరూ తప్పు చేసే చోటు. మార్కెట్లో చాలా రిన్సర్లకి అడుగున ఉండేది జి హాఫ్ అనే అర అంగుళం త్రెడ్ (మర), అంటే ఇండియాలో మన మేస్త్రీలు వాడే బీఎస్పీ రకం. అమెరికా హార్డ్‌వేర్ షాపులో అర అంగుళం అని అడిగితే ఇచ్చేది ఎన్‌పీటీ అనే అమెరికా రకం. రెండింటికీ అంగుళానికి 14 చుట్లే. అందువల్ల ఒకదానిలో ఒకటి రెండు మూడు చుట్లు హాయిగా ఎక్కుతుంది, సరిపోయిందనే అనుకుంటాం. కానీ ఒకదాని మర పళ్ళ కోణం 55 డిగ్రీలు, ఇంకోదానిది 60. నేను టెఫ్లాన్ టేప్ పది చుట్లు చుట్టి స్పానర్‌తో గట్టిగా బిగించాను. ఆ రాత్రి చుక్క కూడా రాలేదు. మూడు వారాల తర్వాత కింది చెక్క షెల్ఫ్ పొంగి, అట్టలు అట్టలుగా ఊడొచ్చింది. అంతకాలం నిమిషానికో చుక్క కారుతూనే ఉందన్నమాట, నేను చూసుకోలేదు. జి త్రెడ్‌కి నీళ్ళని ఆపేది త్రెడ్ కాదు, లోపల కూర్చునే చదునైన రబ్బరు వాషర్. టేప్ అక్కర్లేదు. చేత్తో బిగించి, స్పానర్‌తో పావు చుట్టు చాలు. రిన్సర్ పెట్టెలో వచ్చిన అడాప్టర్ చూడ్డానికి నాసిగా ఉన్నా పారేయకండి, త్రెడ్ కలిసేది దానికే. పుష్ ఫిట్ ముక్కల్లో ట్యూబ్‌ని కత్తెరతో కాకుండా పదునైన బ్లేడుతో నిటారుగా కోసి, ఆగేదాకా తోసి, ఓసారి వెనక్కి లాగి చూడండి.

కెగరేటర్ పైభాగానికి రంధ్రం పెట్టొచ్చా అన్నారు. నా సలహా వద్దనే. టవర్ కోసం కంపెనీ పెట్టిన రంధ్రం తప్ప మిగతా చోట రేకు కింద ఏముందో బయటికి కనపడదు. ఈమధ్య వచ్చే ఫ్రిజ్‌లలో చాలావాటిలో ఆర్600ఎ అనే ఐసోబ్యూటేన్ ఉంటుంది, అది మండే వాయువు. డ్రిల్ దాని గొట్టానికి తగిలితే ఫ్రిజ్ పోవడం ఒక్కటే కాదు. ఫ్రిజ్ పక్క గోడల్లో వేడి గొట్టాలు ఎటున్నాయో కనిపెట్టడానికి మొక్కజొన్న పిండిని వోడ్కాలో కలిపి పూసే చిట్కా ఉంది. కంప్రెసర్ నడుస్తుంటే గొట్టం ఉన్నచోట పూత ముందు ఆరి తెల్లగీతలా కనిపిస్తుంది. చిట్కా పనిచేస్తుంది, అయినా నేను డ్రిల్ పట్టుకోలేదు. కెగరేటర్ పక్కన గోడకి రెండు గట్టి బ్రాకెట్లు బిగించి, అంగుళం మందం చెక్క పలక వేసి, రిన్సర్ ట్రేని దానిలో దింపాను. గొట్టాలు పలక కింద, కళ్ళెదుట. ట్యాపు కింద ఉండే మామూలు డ్రిప్ ట్రే అలాగే ఉంది. గ్లాసు పక్కన నొక్కి, విదిల్చి, ట్యాపు కిందికి తేవడానికి ఒక్క క్షణం. పైగా ట్యాపు కిందే పెడితే పొడుగాటి వైట్‌బీర్ గ్లాసు బోర్లించబోతే చోటు చాలక ట్యాపుకి కొట్టుకుంటుంది. మిత్రుడి ఇంట్లో ఓ గ్లాసు అలాగే పగిలింది.

శుభ్రం చేయడం పెద్ద పనేం కాదు. బీరు పట్టడం అయిపోయాక ఓ లీటరు వేడినీళ్ళు ట్రేలో పోయండి, వారానికోసారి బీర్ లైన్లకి వాడే క్లీనర్ మిగిలింది పోయండి. జల్లు వంకరగా వస్తుంటే నక్షత్రం రంధ్రాల్లో సున్నం పట్టినట్టు. దాన్ని విప్పి, నిమ్మ ఉప్పు కలిపిన గోరువెచ్చని నీళ్ళలో అరగంట నానేస్తే ఊడిపోతుంది. చలికాలం మర్చిపోవద్దు. 2021 ఫిబ్రవరి గడ్డకట్టు రోజుల్లో టెక్సస్‌లో ఎన్ని ఇళ్ళలో పైపులు పగిలాయో మీకు చెప్పక్కర్లేదు. గరాజ్ గోడ వెంబడి వేసిన పావు అంగుళం ట్యూబ్ అన్నిటికంటే ముందు గడ్డకడుతుంది. చలి హెచ్చరిక వస్తే వాల్వ్ కట్టేసి, గ్లాసు నొక్కి లైన్ ఖాళీ చేయండి.

అన్నీ బిగించాక వెంటనే పార్టీకి పిలవకండి. ప్రతి జాయింటు కింద ఓ టిష్యూ కాగితం పరిచి, నీళ్ళు తెరిచి, ఇరవై సార్లు గ్లాసు నొక్కి, ప్రెషర్ అలాగే ఉంచి పడుకోండి. నిద్రలేచి టార్చి వేసి చూడండి. టిష్యూ మీద రూపాయి బిళ్ళంత తడి ఉన్నా ఆ జాయింటు విప్పి మళ్ళీ చేయాల్సిందే. నా రెండో రిన్సర్‌కి మూడు రాత్రులు పట్టింది.